ఎప్పుడైనా చూడొచ్చట... మరి ఎప్పుడు చూస్తాం?

ఒకప్పుడు కొత్త టీవీ అంటే దసరాకో దీపావళికో, లేదంటే అమ్మాయి పెళ్ళి సారెలోనో కొనేవాళ్ళం. ఇప్పుడలా కాదు. ఏ నెలలో చూసినా ఏదో ఒక ఆఫరు. దానికితోడు 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. ఇంకేముంది! పాత టీవీ పడకగదిలోకి వెళ్ళింది, హాల్లోకి 55 అంగుళాలది వచ్చి గోడెక్కింది. దాని కింద పొడుగాటి సౌండ్‌బార్ ఒకటి. పిల్లాడి బల్ల మీద బ్లూటూత్ స్పీకరు. ఇంట్లో నలుగురుంటే నాలుగు ఫోన్లు, ఒక్కో ఫోన్లో పాతిక యాప్‌లు.

మంచిదే. సినిమాకు వెళ్ళాలంటే టిక్కెట్లు, ఆటో, పాప్‌కార్న్ కలిపి వెయ్యి రూపాయలు చాలని రోజులివి. ఇంట్లోనే హాయిగా కూర్చుని నచ్చింది చూసుకోగలగడం భాగ్యమే. కానీ ఆ 'హాయిగా కూర్చోవడం' ఎవరి వంతు? 'ఇంటిల్లిపాదికీ' అని చెప్పి కొన్న ఈ సరంజామాలో ఇల్లాలి వాటా ఎంత? టీవీ తుడిచేది ఆవిడే, రీచార్జి తారీఖు గుర్తు చేసేది ఆవిడే. పోయిన నెలంతా కలిపి ఆవిడ ఒక్క సినిమా అయినా మొదటి నుంచి చివరిదాకా చూసిందా? మీ ఇంట్లో ఒకసారి లెక్క వేసుకోండి.

గోడ అవతలి ప్రేక్షకురాలు

రేడియో రోజుల్లో ఈ బాధ అంతగా లేదు. రేడియోకు చెవులిస్తే చాలు, చేతులు పనిలో ఉండొచ్చు. బియ్యం ఏరుకుంటూ, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ మధ్యాహ్నం పూట స్త్రీల కార్యక్రమం, రాత్రి నాటకం వినేవాళ్ళు మన అమ్మలు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. మెల్లగా టీవీలు ఇళ్ళల్లోకి వచ్చాయి. టీవీ చెవులతో సరిపెట్టుకోదు, కళ్ళు కూడా కావాలంటుంది. ముందు కూర్చోమంటుంది. టీవీ ఏమో హాల్లో, ఇల్లాలేమో వంటింట్లో. మధ్యలో గోడ!

అప్పటి నుంచీ మన ఇళ్ళల్లో ఒక వింత ప్రేక్షకురాలు తయారైంది. సినిమా అంతా 'విని' కథ చెప్పగలదు. పాట మొదలవగానే చేతిలో గరిటెతో గుమ్మం దాకా వచ్చి, కుక్కర్ కూత వినబడగానే వెనక్కి పరుగెత్తుతుంది. 'కూర్చుని చూడొచ్చుగా' అని అంటారే గానీ, ఆ కూర్చునే వీలు కల్పించేవాళ్ళుండరు.

అయినా ఆ రోజుల్లో కూడా మనవాళ్ళు దారి వెతుక్కున్నారు. 1987 జనవరి నుంచి 1988 జులై దాకా ఆదివారం పొద్దున 'రామాయణ్' వచ్చేది. ఆ వేళకల్లా టిఫిన్లు ముగించి, తలంటు పోసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ టీవీ ఉన్న ఇంటికి చేరిన ఆడవాళ్ళెందరో! దుబాయ్ నుంచి చుట్టం తెచ్చిన వీసీఆర్ ఇంట్లో ఉంటే, అద్దెకు క్యాసెట్లు తెచ్చుకుని రాత్రంతా వరసగా సినిమాలు చూసినవాళ్ళూ ఉన్నారు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక తెలుగు సీరియళ్ళకు కొదవ లేకుండా పోయింది.

'నా సీరియల్ టైమైంది!'

సీరియళ్ళ మీద ఎన్ని జోకులు వేసుకున్నామో లెక్కలేదు. ఆ ఏడుపులు, ఆ విలన్ అత్తలు, వంటింట్లో కూడా పట్టుచీరలు... విమర్శించాల్సినవి చాలానే ఉన్నాయి, కాదనం. కానీ ఆ సీరియల్ మన ఆడవాళ్ళకు చేసిపెట్టిన ఒక మేలును మాత్రం ఎవరూ గుర్తించలేదు. అది ఆమెకొక 'టైము' ఇచ్చింది!

'నా సీరియల్ టైమైంది, ఇక మీరే వడ్డించుకోండి' అని ఇల్లాలు అనగలిగిందంటే, ఆ అరగంట ఆవిడ పేరున రిజిస్టరైనట్టే. ఇంట్లోవాళ్ళు సణుక్కున్నా, నవ్వుకున్నా ఆ అరగంట ఆవిడ జోలికి వెళ్ళేవాళ్ళు కాదు. వీధిలో మిగతా ఆడవాళ్ళు కూడా అదే వేళకు అదే సీరియల్ చూస్తుండేవాళ్ళు గనక మర్నాడు కుళాయి దగ్గర మాట్లాడుకోవడానికి ఒక ముచ్చట ఉండేది. ఉద్యోగికి క్యాజువల్ లీవు ఎలాగో, గృహిణికి ఆ సీరియల్ అలాగ.

ఇప్పుడేమైంది? 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. 2020లో తెలుగు కోసమే 'ఆహా' మొదలైంది. మిగతా ఓటీటీలు కూడా తెలుగు సినిమాల కోసం పోటీ పడుతున్నాయి. ఏదైనా, ఎప్పుడైనా, ఎక్కడైనా చూడొచ్చు అన్నారు. వినడానికి ఎంత బాగుంది! ఆడవాళ్ళకు ఇంతకన్నా వెసులుబాటు ఏముంటుంది అనిపిస్తుంది. తీరా చూస్తే జరుగుతున్నది వేరు. ఎప్పుడైనా చూడొచ్చు గనక, ఇప్పుడే చూడాల్సిన పని లేదు! 'అమ్మా, కాస్త కాఫీ ఇవ్వవా, నీది పాజ్‌లో పెట్టుకో'. 'ఏమేవ్, మ్యాచ్ అయిపోతోంది, నీ సినిమా ఎక్కడికీ పోదులే, రేపు చూడు'. నిజమే, సినిమా ఎక్కడికీ పోదు. రేపు కూడా అక్కడే ఉంటుంది, ఎల్లుండి కూడా. పావుగంట చూసి వదిలేసిన సినిమాలు ఆమె జాబితాలో అలా పేరుకుపోతూనే ఉంటాయి, ఎప్పటికైనా కుట్టుకుందామని బీరువాలో దాచిన జాకెట్ గుడ్డల్లాగా.

'పాజ్' అనే ఆ మీట చాలా గొప్పది. కానీ మన ఇళ్ళల్లో దాన్ని నొక్కాల్సి వచ్చేది ఎప్పుడూ ఒక్కరికేనా?

గంటల లెక్క ఇదీ

ఇదేదో ఊరికే నిష్ఠూరానికి అంటున్న మాట కాదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే చూడండి. ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పనుల్లో చెయ్యి పెట్టే మగవాళ్ళు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. ఇంట్లో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడానికి ఆడవాళ్ళకు 137 నిమిషాలు పడుతుంటే, మగవాళ్ళకు 75. అంటే దాదాపు అయిదు గంటలు ఇంటిపనికే పోతుంటే, సినిమాకు కావలసిన రెండున్నర గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? ఉద్యోగం కూడా చేసే ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఫోను సంగతీ అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో ఇంటర్నెట్‌ను ఎప్పుడైనా వాడారా అని అడిగారు. అవునన్న ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది, తెలంగాణలో 26 మంది. మగవాళ్ళలో మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 49 మంది, తెలంగాణలో 57 మంది అవునన్నారు. ఆ తర్వాత కరోనా రోజుల్లో పిల్లల ఆన్‌లైన్ చదువుల పేరుతోనైనా ఫోన్లు వంటింటి దాకా వచ్చాయి. కానీ చాలా ఇళ్ళల్లో అమ్మ చేతికి వచ్చేది అబ్బాయి వాడి వదిలేసిన, గాజు పగిలిన, ఛార్జింగు నిలవని ఫోనే! కొత్త చీర తనకు కొనుక్కోకుండా కూతురికి కొనిచ్చే అలవాటు ఫోను విషయంలోనూ పోలేదు.

కొనేటప్పుడే మొదలుపెట్టండి

మన వాటా మనం తీసుకోవడం దుకాణం దగ్గరే మొదలవ్వాలి. టీవీ షోరూముకు వెళ్ళినప్పుడు గమనించారా? సేల్స్ కుర్రాడు ఆయన వైపు తిరిగి 'సార్, ఇది ఫోర్‌కే, దీంట్లో డాల్బీ ఉంది సార్' అంటాడు. మన వైపు తిరిగి 'మేడమ్, మీరు కూర్చోండి, కూల్‌డ్రింక్ తెప్పిస్తాను' అంటాడు. కూల్‌డ్రింక్ తాగండి, తప్పులేదు. తాగుతూనే నాలుగు ప్రశ్నలు అడగండి.

టీవీ సైజు అంటే తెరను మూల నుంచి మూలకు కొలిచిన కొలత. 43 అంగుళాలంటే దాదాపు 109 సెంటీమీటర్లు. ఫోర్‌కే తెర అయితే, 43 అంగుళాల టీవీకి అయిదారు అడుగుల దూరంలో కూర్చుంటే కంటికి సుఖంగా ఉంటుంది. 55 అంగుళాలకు ఏడెనిమిది అడుగులైనా ఉండాలి. మన హాలు ఎంత, సోఫా ఎక్కడ, దానికెంత టీవీ సరిపోతుంది అనేది ఇల్లు ఊడ్చే మనకన్నా ఎవరికి బాగా తెలుసు? మరో సంగతి. చాలామంది టీవీని దేవుడి పటంలా గోడ మీద ఎత్తుగా బిగించేస్తారు. కూర్చున్నప్పుడు మన కంటికి ఎదురుగా తెర మధ్యభాగం ఉండాలి. లేకపోతే సినిమా అయ్యేసరికి మెడ పట్టేస్తుంది.

టీవీలు పల్చబడేకొద్దీ వాటిలో స్పీకర్లకు చోటు తగ్గిపోయింది. చాలావాటిలో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. అందుకే పాట వస్తే కిటికీలు అదురుతాయి, మాట మాత్రం వినబడదు. సౌండ్‌బార్ కొంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. టీవీ వెనక 'ఏఆర్‌సీ' అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్‌కు దాన్ని తగిలిస్తే మామూలుగా టీవీ రిమోట్‌తోనే సౌండ్ తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. సౌండ్‌బార్ కొనే స్తోమత లేకపోయినా ఫరవాలేదు. టీవీ సెట్టింగుల్లో మాటలు స్పష్టంగా వినిపించే ఏర్పాటు చాలా టీవీలకు ఉంటుంది. ఒకసారి వెతికి చూడండి. వినికిడి తగ్గిన అత్తగారికో మామగారికో అదెంత మేలో! ఇల్లంతా నిద్రపోయాక సినిమా చూడాలనిపిస్తే, బ్లూటూత్ ఉన్న టీవీకి ఇయర్‌ఫోన్లు కలుపుకోవచ్చు. ఎవరి నిద్రా చెడదు, మీ సినిమా ఆగదు.

టీవీ బిగించడానికి వచ్చిన మెకానిక్ అన్నీ చూపిస్తున్నప్పుడు వంటింట్లో టీ పెడుతూ ఉండిపోకండి. టీ తర్వాత ఇవ్వచ్చు. ముందు మీరే రిమోట్ తీసుకుని పెట్టి చూడండి. 'మాకవన్నీ తెలీవు బాబూ' అన్న మాట మన నోట రాకూడదు. ఏడు కూతలకు పప్పు, మూడు కూతలకు అన్నం లెక్క కట్టగలిగినవాళ్ళకు ఏడు మీటల రిమోట్ ఒక లెక్కా?

మీ పేరుతో ఒక గది

ఓటీటీల్లో 'ప్రొఫైలు' అని ఒకటి ఉంటుంది. ఒక్క చందాతోనే ఇంట్లో తలా ఒక ప్రొఫైలు పెట్టుకోవచ్చు. చాలా ఇళ్ళల్లో అయ్యగారి పేరున ఒకటి, అబ్బాయి పేరున ఒకటి, పిల్లలకొకటి ఉంటాయి. అమ్మ పేరు ఉండదు. అమ్మ ఎవరిదో ఒకరిది తెరిచి చూస్తుంది. మర్నాడు ఆ అబ్బాయి 'నా దాంట్లో పాత సినిమాలు వస్తున్నాయేంటి?' అని విసుక్కుంటాడు. ఎందుకొచ్చిన గొడవ? మీ పేరుతో మీరే ఒకటి తెరుచుకోండి. సావిత్రి సినిమాలు చూస్తారో, కొరియా సీరియళ్ళు చూస్తారో, హత్యలూ పరిశోధనలూ చూస్తారో మీ ఇష్టం. రోజుకు ఎనిమిది గంటలు క్రికెట్ చూసేవాళ్ళను ఎవరూ ఎగతాళి చేయనప్పుడు, మన అభిరుచికి మనం సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఫోను కూడా అంతే. మీ ఫోనుకు మీ లాక్ నంబరు ఉండాలి. 'భార్యాభర్తల మధ్య రహస్యాలేమిటి?' అని అడిగేవాళ్ళుంటారు. రహస్యాలుంటేనే తాళం వేస్తామా? అక్కచెల్లెళ్ళతో చెప్పుకున్న కష్టం, స్నేహితురాలికి పంపిన ఫోటో, సొంతంగా దాచుకున్న నాలుగు డబ్బులు, ఇవన్నీ ఆ ఫోన్లోనే ఉంటాయి. ఆయన పర్సును మనం అడక్కుండా తీస్తామా? అదే మర్యాద మన ఫోనుకూ దక్కాలి.

మెచ్చుకోదగ్గ యాప్‌లు కొన్ని

ఇంతకీ ఫోన్లో ఏముంచుకోవాలి? ఎవరి ఇష్టం వారిది. అయినా నాలుగు మాటలు. రేడియో మీద మమకారం ఉన్నవాళ్ళకు ప్రసార భారతి వారి 'న్యూస్ ఆన్ ఎయిర్' ఉంది. దేశంలో ఎక్కడున్నా విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలను ఇందులో వినొచ్చు. బెంగళూరులో కాపురం ఉంటున్న తెలుగు అమ్మాయికి అది పుట్టింటి నుంచి వచ్చిన ఆవకాయ జాడీ లాంటిది. ఆ సంస్థే 2024 నవంబరులో 'వేవ్స్' అనే ఓటీటీ మొదలుపెట్టింది, పాత దూరదర్శన్ సీరియళ్ళు అందులో చూడొచ్చు. తెలుగు పుస్తకాలు ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు అనుకునేవాళ్ళకు 'దాసుభాషితం' ఉంది. కథలు చదవాలన్నా, రాయాలన్నా 'ప్రతిలిపి' ఉంది. పెళ్ళయ్యాక కలం పక్కన పెట్టేసిన ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట ఫోన్లోనే మళ్ళీ కథలు రాసుకోవచ్చు.

టైపు చేయడం రాదంటారా? తెలుగులో మాట్లాడితే గూగుల్ వెతికిపెట్టే సదుపాయం 2017 నుంచే ఉంది. మైకు గుర్తు మీద నొక్కి 'అన్నమయ్య కీర్తనలు' అనండి చాలు. చదువు రాని అమ్మమ్మ కూడా తనకు కావలసింది తానే వెతుక్కోగలదు. మనవడు బడి నుంచి వచ్చేదాకా కాచుకోనక్కర్లేదు. ఈ ఒక్క పని ఆమెకు నేర్పించండి, ఆ ముఖంలో వెలుగు మీరే చూస్తారు.

ఒక్క మాట. పని చేసుకుంటూ వినడం బాగానే ఉంటుంది, పనిలో అలుపు తెలీదు. కానీ దాన్ని విశ్రాంతి ఖాతాలో రాసుకోకండి. 'వంట చేస్తూ పాటలు వింటూనే ఉందిగా, ఇంకేం కావాలి' అని ఇంట్లోవాళ్ళు అంటే నమ్మకండి. చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడే అది విశ్రాంతి. అలాగే రాత్రి పదకొండింటికి మంచమెక్కి, రీలు తర్వాత రీలు జరుపుతూ ఒంటిగంట చేసుకోవడం కూడా విశ్రాంతి కాదు. పగలంతా మనకోసం ఒక గంట దొరకలేదన్న కసితో నిద్రలోంచి దొంగిలించుకుంటున్న గంట అది. మర్నాడు తలనొప్పి రూపంలో వడ్డీతో సహా కట్టాలి. పగలే ఆ గంట దక్కితే ఈ దొంగతనం అవసరముండదు.

తాళం చెవి దగ్గరుంచుకుని

జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలిగా! 'మొదటి నెల ఉచితం' అన్న ప్రతి చోటా వేలు నొక్కకండి. ఉచితం అయిపోయాక డబ్బు దానంతటదే ఖాతాలోంచి వెళ్ళిపోయే ఏర్పాటు ఉంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలా కోసుకునే ముందు కనీసం 24 గంటలు ముందుగా మీకు సందేశం రావాలి. ఆ సందేశాలు చదవండి. వద్దనుకున్న చందాను మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే జాబితాలోకి వెళ్ళి ఆపేయొచ్చు. నాలుగు ఓటీటీలకు ఒకేసారి కట్టే బదులు ఒక్కో నెల ఒక్కోటి తీసుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

ఓటీపీ అడిగినవాళ్ళకు చెప్పొద్దు. 'మీ మీద కేసు ఉంది, వీడియో కాల్‌లోంచి కదలొద్దు' అని బెదిరిస్తే ఫోను పెట్టేయండి. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఇంట్లో తిడతారని దాచిపెడితే పోయిన డబ్బు తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. ఈ మోసాల భయంతో 'నీకెందుకు ఫోను' అనేవాళ్ళకు మాత్రం ఒకటే జవాబు. మోసపోయేవాళ్ళలో పెద్ద చదువుల మగవాళ్ళూ ఉన్నారు. నేర్చుకున్నవాళ్ళే జాగ్రత్తపడగలరు, దూరంగా ఉంచినవాళ్ళు కాదు.

పిల్లల కోసం విడి ప్రొఫైలు పెట్టి, పెద్దల ప్రొఫైళ్ళకు పిన్ నంబరు వేయండి. పిల్లాడు ఏం చూస్తున్నాడో కనిపెట్టే కాపలా ఉద్యోగం మాత్రం అమ్మ ఒక్కదానికే అంటగట్టకూడదు. నాన్న కూడా సగం డ్యూటీ చెయ్యాలి.

ఒక్క గంట

ఇక అసలు సంగతి. సీరియల్ రోజుల్లో టీవీవాళ్ళు మన కోసం వేళ నిర్ణయించేవాళ్ళు. ఇప్పుడు నిర్ణయించేవాళ్ళు లేరు గనక మన వేళను మనమే నిర్ణయించుకోవాలి. వారానికి కనీసం రెండు రోజులు, ఒక గంట. ఆ గంట ఫలానా అని ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. క్యాలెండరు మీద పాలవాడి లెక్క పక్కన రాసి పెట్టండి. ఆ గంటలో పెద్ద టీవీ మీది, రిమోట్ మీది. పక్కింటి వదినను పిలుస్తారా, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుంటారా, ఒక్కరే చూస్తారా... మీ ఇష్టం. మీ ఇంట్లో పనికి వచ్చే అమ్మాయికీ ఒక ఇల్లుంది, ఆమెకూ చూడాలనుకునే సినిమా ఉంటుంది. ఆ రోజు ఆమెనూ కాస్త ముందుగా పంపించేయండి.

మొదట్లో ఇంట్లోవాళ్ళకు వింతగా ఉంటుంది. 'తువ్వాలు ఎక్కడుంది?', 'చట్నీ ఉందా?' అని హాల్లోకి తొంగిచూస్తారు. మీరు కంగారుగా లేచిపోకండి. తువ్వాలు ఎప్పుడూ ఉండే చోటే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయంటారా? ఇంట్లో ఇంకా ముగ్గురున్నారుగా, ఎవరో ఒకరు వెళ్ళి కట్టేస్తారు. కట్టెయ్యనీయండి!